మన జబ్బులే మన పాఠాలు
ఏలూరు ఆశ్రం వైద్య కళాశాల పాతికేళ్ళ సందర్భంగా

1999లో ఏలూరు శివార్లలో, జాతీయ రహదారి చేరువలో, అల్లూరి సీతారామరాజు పేరిట ఒక వైద్య కళాశాల మొదలైంది. కాగితాల మీద దాని పేరు పొడుగు. జనం నోట మాత్రం ‘ఆశ్రం’. అదే ఏడాది ప్రభుత్వం కొల్లేరు సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. ఒకటి వైద్యానికి, రెండోది ప్రకృతికి సంబంధించిన ముచ్చట. కానీ ఈ ప్రాంతపు నీరు, ఈ ప్రాంతపు తిండి, ఈ ప్రాంతపు జబ్బులు ఒకదాన్నొకటి వదలవు. కళాశాలకు 25 ఏళ్ళు నిండిన 2024 అల్లూరి అమరుడై నూరేళ్ళు నిండిన ఏడాది కూడా.

రజతోత్సవ సంచికల్లో పడకలెన్ని, సీట్లెన్ని, భవనాలెన్ని అని లెక్క చెప్పడం ఆనవాయితీ. ఆ లెక్కలకు వేరే పుటలున్నాయి. నేను చెప్పదలచింది ఒక్కటే. బోధనాసుపత్రి ఉన్న ప్రాంతానికి వైద్యంతో పాటు మరొక భాగ్యం దక్కుతుంది. తన జబ్బుల గురించి తానే ప్రశ్న వేసుకుని, తానే జవాబు వెతుక్కునే శక్తి వస్తుంది. మన ప్రాంతం ఆ శక్తిని ఎంతవరకు వాడుకుంది, ఇకముందు ఎలా వాడుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

అంతకుముందు

అప్పట్లో ఏలూరు ఉన్న పశ్చిమగోదావరి జిల్లాకు అన్నపూర్ణ అని పేరు. వరి పండింది, చెరుకు పండింది, తర్వాత చేపల చెరువులొచ్చాయి. మెడికల్ కాలేజీ మాత్రం రాలేదు. గుంటూరులో 1946లో, కాకినాడలో రంగరాయ పేరిట 1958లో, విజయవాడలో 1980లో వైద్య కళాశాలలు వచ్చాయి. మధ్యలో మన జిల్లా మిగిలిపోయింది. ప్రాణం మీదికొస్తే ఇటు బెజవాడ, అటు కాకినాడ. కొల్లేటి లంకల్లో ఉన్నవాళ్ళ అవస్థ ఇంకా ఎక్కువ. వానాకాలంలో రోగిని దోనెలో గట్టుకు చేర్చాలి, అక్కడి నుంచి బస్సో లారీయో పట్టుకోవాలి. పెద్దాసుపత్రికి చేరేసరికి సగం ఆలస్యం దారిలోనే అయిపోయేది.

ఏలూరులోనే బోధనాసుపత్రి వచ్చాక దూరం తగ్గింది. 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక దూరంతో పాటు ఖర్చు భయమూ కొంత తగ్గింది. తాడేపల్లిగూడెం, కైకలూరు, చింతలపూడి వైపు నుంచి రోగులు నేరుగా ఏలూరు రావడం మామూలైంది. కోవిడ్ రోజుల్లో ఆశ్రం జిల్లాకు కోవిడ్ ఆసుపత్రిగా నిలిచింది. 2022లో ఏలూరు వేరే జిల్లా అయ్యింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఒకప్పుడు ఒక్కటీ లేని ఊళ్ళో ఇప్పుడు రెండున్నాయి.

కేస్ షీట్ దగ్గర మొదలు

పరిశోధన అనగానే చాలామందికి సూక్ష్మదర్శినులు, విదేశీ ప్రయోగశాలలు గుర్తొస్తాయి. మెడికల్ కాలేజీలో అది వార్డులో, కేస్ షీట్ దగ్గర మొదలవుతుంది. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ విద్యార్థీ థీసిస్ రాయాలి. గైడు ఒప్పుకున్న అంశానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ తర్వాత ఒక్కొక్క రోగి దగ్గరా కూర్చుని, చేయబోయేది తెలుగులో వివరించి, సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. చదువు రానివారైతే సాక్షి ఎదుట వేలిముద్ర వేయించుకోవాలి. మందులనో పద్ధతులనో పోల్చి చూసే ట్రయల్ అయితే జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. ఆ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 నుంచి నమోదు తప్పనిసరి. ఫలితం బాగున్నా బాగోకున్నా మొదట ఏమనుకున్నారో దాచడానికి వీలుండదు.

ఈ పద్ధతంతా రోగి రక్షణ కోసం. ఇందులోంచే యువ డాక్టరుకు ఒక క్రమశిక్షణ అబ్బుతుంది. ‘నా అనుభవంలో’ అనే మాటకు ముందు ‘ఎంతమందిలో, ఎన్నాళ్ళు, దేనితో పోల్చి’ అని అడగడం నేర్చుకుంటాడు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మాత్ర

మన నేలకు ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉంది. కొల్లేటికి తూర్పున, భీమవరంలో, 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం నుంచే ఫిలేరియా మీద పనిచేసే మందు వచ్చింది, 1947లో దాని ప్రయోగ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఇప్పుడు మనం డీఈసీ అని పిలిచే మాత్ర. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

ఫిలేరియా అంటే గోదావరి, కొల్లేటి పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మురుగు నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే జబ్బు. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా బోదకాలు, మగవాళ్ళకు వరిబీజం. ఆ పురుగు పిల్లలు రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి. అందుకే మలేరియా, ఫిలేరియా సిబ్బంది రాత్రి భోజనాల వేళ దాటాక ఇంటింటికీ వెళ్ళి, నిద్రమత్తులో ఉన్నవాళ్ళను లేపి, వేలి చివర పొడిచి, గాజు పలక మీద రక్తపు బొట్టు పూసుకుని వెళ్ళేవారు. పగలు తీసిన రక్తంలో చూస్తే జబ్బు లేనట్టే కనిపిస్తుంది. జబ్బు వేళను కనిపెట్టి, ఆ వేళకు వెళ్ళడమే సగం పరిశోధన.

మాత్రతో పురుగు చస్తుంది గానీ పెరిగిన వరిబీజం తగ్గదు. దానికి శస్త్రచికిత్సే మార్గం. పదేళ్ళు పంచె కింద దాచుకుని, పొలం పని మానుకుని, పెళ్ళిళ్ళకు వెళ్ళకుండా ఉండిపోయిన మనిషికి ఆ ఆపరేషన్ అయ్యాక బతుకే మారిపోతుంది. సర్జరీ వార్డులో ఇది పెద్ద ఆపరేషన్ల లెక్కలోకి రాదు. కానీ మన ప్రాంతానికి అంతకంటే అవసరమైనవి కొన్నే ఉంటాయి.

పల్లెల లెక్క చెప్పిన నిజం

2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక పని జరిగింది. లక్షా 80 వేల పైచిలుకు జనాభాలో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణాన్నీ నమోదు చేశారు. బైర్రాజు ఫౌండేషన్, సిడ్నీ నగరపు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు కలిసి చేసిన అధ్యయనం అది. చనిపోయినవారి ఇంటికి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి కూర్చుని, చివరి రోజుల్లో ఏమైందో అడిగి రాసుకునేది. గుండెలో నొప్పి వచ్చిందా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయాయా, దగ్గు ఎన్నాళ్ళుంది, అని. ఆ జవాబులను డాక్టర్లు చదివి మరణానికి కారణం నిర్ణయించారు.

1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. టీబీ వంటి అంటువ్యాధుల వాటా 12 శాతం. పల్లెటూరు అంటే విరేచనాలు, జ్వరాలు, పట్నం అంటే గుండెపోట్లు అనుకునే లెక్క ఇక్కడ తలకిందులైంది. ఆ ప్రాజెక్టులో భాగంగానే 20 గ్రామాల్లో చూస్తే ముప్పై దాటినవారిలో 13 శాతం మందికి చక్కెర జబ్బు ఉంది. పచ్చని డెల్టాలో కడుపు నిండింది గానీ రక్తనాళాలు మూసుకుపోతున్నాయని దేశానికి చెప్పింది మన పల్లెలే.

దాని తర్వాత పశ్చిమగోదావరిలోని 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పున్నవారిని గుర్తించే ట్రయల్ నడిచింది. రక్తపోటు అదుపులోకి వచ్చినవారి సంఖ్య ఆశించినంతగా పెరగలేదు. ఆ సంగతిని 2019లో ఉన్నదున్నట్టు ప్రచురించారు. గుర్తిస్తే చాలదు, మందు ఊళ్ళో అందాలి, నెలనెలా వాడేలా చూడాలి అన్న పాఠం దానివల్లే తేలింది. విజయం రాని ట్రయల్ కూడా ఎంత ఉపకారం చేస్తుందో మన జిల్లాయే సాక్ష్యం.

పాము కాటు, గాజు గొట్టం

అర్ధరాత్రి గూడెం వైపు నుంచి పాము కరిచిన కూలీని తెచ్చారనుకుందాం. ఏ పామో చూడలేదంటారు. కాజువాల్టీలో డాక్టరు ఆయన చేతి నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా బల్ల మీద పెడతాడు. సరిగ్గా 20 నిమిషాలకు గొట్టం వంచి చూస్తాడు. రక్తం గడ్డ కట్టకుండా నీళ్ళలా జారితే పింజరి విషం ఎక్కినట్టు. గడ్డకట్టి, కనురెప్పలు మాత్రం వాలుతుంటే కట్లపామునో నాగుపామునో అనుమానించాలి. ప్లాస్టిక్ గొట్టంలో ఈ పరీక్ష నమ్మలేం. సబ్బుపొడితో కడిగిన గొట్టమైనా తప్పు చెబుతుంది. లక్షల యంత్రాలున్నా ఆ వేళ ప్రాణం నిలబెట్టేది ఆ గొట్టమే.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుకు 12 లక్షల మంది చనిపోయారని ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2024 నవంబరులో కేంద్రం పాము కాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జాబితాలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. కోతల కాలంలో ఏ మండలంలో, ఏ వేళ, ఏ పని చేస్తుండగా కాటు పడుతోందో మన బోధనాసుపత్రులు ఏళ్ళతరబడి రాసిపెడితే, విరుగుడు మందు ముందుగా ఏ ఆసుపత్రికి పంపాలో తెలుస్తుంది.

పురుగుమందు తాగినవారి సంగతీ అంతే. అట్రోపిన్ మోతాదును కొద్ది నిమిషాలకొకసారి పెంచుతూ, కంటిపాపలు, నాడి, ఊపిరితిత్తుల చప్పుడు చూస్తూ మంచం పక్కన కూర్చోవాల్సింది పీజీ డాక్టరే. దశాబ్దాలుగా దాంతోపాటు ఇస్తూ వచ్చిన ప్రాలిడాక్సిమ్ అనే మందును శ్రీలంకలో ట్రయల్ పెట్టి చూస్తే, 2009లో వచ్చిన ఫలితాల్లో మేలు కనబడలేదు. పురుగుమందుల విషానికి జవాబు అది ఎక్కువగా ఉన్న పల్లె ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. అలాంటి పల్లెలు మనవే.

2020 డిసెంబరు

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. దక్షిణపు వీధి, పడమర వీధి, కొబ్బరితోట. మూడు నుంచి ఐదు నిమిషాల మూర్ఛ, నోట నురగ, లేచాక కాసేపు ఏమీ గుర్తుండదు, తలనొప్పి, వాంతులు. వారంలో 600 మందికి పైగా ఆసుపత్రిపాలయ్యారు. ఒకరి నుంచి ఒకరికి అంటలేదు. చాలామంది కొన్ని గంటల్లోనే కోలుకున్నారు.

మంగళగిరి, ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి), ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇలా ఎందరో వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పోషకాహార సంస్థ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని డిసెంబరు 16న నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు.

ఆ వారం ఏలూరు డాక్టర్లు, నర్సులు చేసిన సేవను ఈ ఊరు మరవదు. కానీ ఆ వారం మనకో పని కూడా అప్పజెప్పింది. ఆపదలో పరీక్షించిన రక్తాన్ని మామూలు రోజుల రక్తంతో పోల్చితేనే ఎంత తేడా ఉందో తెలుస్తుంది. ఏలూరు జనం రక్తంలో, తాగేనీటిలో, రైతుబజారు కూరగాయల్లో, కొల్లేటి చేపల్లో ఏముందో ఏటేటా కొలిచి పెట్టుకునే లెక్క స్థానికంగానే ఉండాలి. దాన్ని నిలబెట్టడానికి ఇక్కడి వైద్య కళాశాలల కంటే తగినవారు లేరు.

గ్లవ్స్ మారిస్తే

ఈ మధ్య శస్త్రచికిత్సలో వచ్చిన ఒక అధ్యయనం మన ఆసుపత్రులకు సరిగ్గా సరిపోతుంది. ఇండియాతో సహా ఏడు దేశాల్లో, 81 ఆసుపత్రుల్లో, 13,301 మంది పొట్ట ఆపరేషన్ల మీద జరిగిన ఆ ట్రయల్ ఫలితాలు 2022లో లాన్సెట్‌లో వచ్చాయి. పొట్ట కుట్టేసే ముందు బృందమంతా గ్లవ్స్ మార్చుకుని, కొత్త పరికరాలు తీసుకుంటే గాయం చీము పట్టడం 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త మందు అక్కర్లేదు. చేపల చెరువు గట్టు మీద కూలికెళ్ళే మనిషికి కుట్టు మానడం వారం ఆలస్యమైతే వారం కూలి పోయినట్టే. అందుకే ఆ మూడు శాతం మనకు చిన్నది కాదు.

వచ్చే పాతికేళ్ళకు

ఆశ్రం నుంచి బయటికొచ్చిన డాక్టర్లు రాష్ట్రమంతటా, దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళందరి తరఫున, ఈ ప్రాంతం తరఫున మూడు కోరికలు పెడుతున్నాను. పాము కాటు, పురుగుమందు, చక్కెర పుండ్లు, వరిబీజం, ఈ నాలుగింటికి శాశ్వతమైన రిజిస్టర్లు తెరవండి. బ్యాచ్ మారినా రిజిస్టరు ఆగకూడదు. ప్రభుత్వ కళాశాల, ఆశ్రం ఒకే పద్ధతిలో రాస్తే ఏలూరు జిల్లా లెక్క దేశానికే పనికొస్తుంది. రెండో కోరిక, పరిశోధనకు విషయం ఎంచుకునే పీజీని ముందు పల్లెకు పంపండి. కైకలూరు వైపో, ఉంగుటూరు వైపో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెల్లాళ్ళు కూర్చుంటే విషయం దానంతటదే దొరుకుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. థీసిస్ పూర్తయ్యాక అది లైబ్రరీ బీరువాలో పడి ఉండకూడదు. ఏ ఊరివాళ్ళు రక్తమిచ్చి, వేలిముద్ర వేసి ఆ పనికి సాయపడ్డారో ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో, సావిట్లో, ఆ డాక్టరే నిలబడి, మీ దగ్గర అడిగి తెలుసుకున్నది ఇదీ అని తెలుగులో చెప్పాలి. తమ మాట విన్న ఊళ్ళోనే రేపటి రోగి నమ్మకంతో సంతకం పెడతాడు. ఆ నమ్మకం మీదే కదా వైద్య విజ్ఞానమంతా నిలబడేది.