టీవీ గేము – ఒక చిన్న కంప్యూటరు కథ

1990 దశకములో కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణముల పిల్లలు ‘టీవీ గేము’ అని పిలిచెడి పెట్టె నిజమునకు ఒక కంప్యూటరే. ఇంట లేనివారు దుకాణములో గంటకింత అని అద్దె యిచ్చి ఆడెడివారు. నేడు నడివయస్సువారు దానిని ముచ్చటగా తలచుకొనుచున్నారు.

జపానులో నింటెండో సంస్థ 1983లో ‘ఫ్యామిలీ కంప్యూటర్’ను విడుదల చేసినది. తైవాను, చైనాలలో తయారైన దాని నకళ్ళు మన బజారులకు చేరినవి. పిల్లలు ‘క్యాసెట్’ అన్న దానిలో టేపు లేదు. ఆటను భద్రపరచిన చిప్పులే ఉండెడివి.

1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట యావత్తు 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు ఇంతకు పదుల రెట్లు చోటు కావలెను. ఇదెట్లు సాధ్యమైనది? ఆ ఆటలో ఆకాశమున మేఘమును, నేలపై పొదను పోల్చి చూడుడు. రెండును ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. చోటు కొరతయే ఈ ఉపాయమును నేర్పినది.

ఈ పెట్టెలు నేడు పాతసామానులో కలిసిపోవుచున్నవి. బాతులను కొట్టు తుపాకి పిక్చర్ ట్యూబు టీవీతోనే పనిచేయును. ఆ టీవీలును కనుమరుగగుచున్నవి. అటకపై మిగిలిన ఒక్క పెట్టెనైనను పాఠశాల ప్రయోగశాలకు చేర్చినచో, కంప్యూటరు చరిత్రను విద్యార్థులు చేతితో తాకి నేర్చుకొనగలరు.