మన వంటగట్టుపై కడప రాయి

వంటయింటి గట్టుపై ఏ రాతిని పరువవలెనను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని యొకసారి పరచిన రాతిని రెండు మూడు తరములవారు వాడుదురు. తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడిన మన కుటుంబములకు ఇందులో మరియొక విశేషము కలదు. తమిళనాట, కన్నడనాట, మహారాష్ట్రమున మన యిరుగుపొరుగువారు ‘కడప్పా’ యనియు ‘కడప కల్లు’ అనియు పిలుచు నల్లరాయి మన కడప సీమ పేరునే మోయుచున్నది. తెలుగు రాని యిండ్లలో సైతము ఈ తెలుగు ఊరి పేరు వినబడుచుండును. అది స్థానిక భాషాపదమే యని మన పిల్లలు తలచుటయు కద్దు.

పూర్వము వంట కూర్చుండి చేయు పని. మట్టిపొయ్యి, కుంపటి నేలపైననే యుండెడివి. కూరలు తరుగుట కత్తిపీట ముందు కూర్చుండియే. వంటయింటి రాళ్లనగా రోలు, రుబ్బురోలు, సన్నెకల్లు. 1955లో బర్మా షెల్ కంపెనీ బొంబాయిలో వంటగ్యాసు నమ్మ నారంభించెను. 1965లో ఇండేన్ గ్యాసు కలకత్తాలో తొలిసారి వచ్చెను. ఈ వాయువు గాలికంటె బరువైనది. కారినచో నేలనంటి వ్యాపించును. కనుక పొయ్యి సిలిండరుకంటె ఎత్తున నుండవలెనని నియమము. అంతకు ముందును కొన్ని పట్టణపు టిండ్లలో గట్టులుండెను గాని, గ్యాసు వ్యాపించిన కొలదియు అవి సామాన్య గృహములకును అవసరమయ్యెను. నేలపై కూర్చుండి వండిన యిల్లాలు లేచి నిలిచి వండసాగెను.

ఆ గట్టునకు కడప రాయి తగియుండుటకు కారణము దాని స్వభావమే. అది సున్నపురాతి జాతి. భూమిలో పొరలు పొరలుగా నుండుటచే పెద్ద యంత్రములు లేకున్నను ఉలి, సమ్మెట, గునపములతో పలకలుగా లేచి వచ్చును. అందుచే వెల తక్కువ. యర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతములు ఇట్టి పలకలకు ప్రసిద్ధములు. భూగర్భ శాస్త్రజ్ఞుడగు విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథమున ఈ సీమ శిలలకు కడప, కర్నూలు పేర్లనే వాడెను.

బరువైన సరకునకు రైలుదారి గొప్ప యాధారము. మద్రాసు నుండి కడప, యర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా సాగిన యినుపదారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసెను. అటుపై షోలాపూరు, పుణే నగరములును ఆ దారిలోనివే. రాతిపలకల సీమ రెండు మహానగరముల నడుమ రైలుదారిపై నిలిచెను.

రాతితో పాటు రాతిపని వారిని గూడ స్మరింపవలెను. వడ్డెరలు తరతరములుగా రాతిపనియు మట్టిపనియు చేసినవారు. తమిళనాట ఒడ్డర్లని, మహారాష్ట్రమున వడార్లని పిలువబడు వారిలో పలువురు నేటికిని ఇంట తెలుగే మాటాడుదురు. తెలంగాణమునుండి వెళ్లిన కామాటీలు బొంబాయి నిర్మాణమున శ్రమించిరి. కామాటిపుర వారి పేరిట వెలసినదే. మనవారి వలస చరిత్ర తామ్రశాసనములలోనే గాక గోడలలోను, గట్టులలోను నున్నది.

ఇక నేటి గృహస్థు దేనిని కోరవలెను? కడప రాతికి పులుపు శత్రువు. చింతపండు రసము, నిమ్మరసము నిలిచినచో మెరుపు పోయి మచ్చ పడును. గ్రానైటునకు ఆ భయము లేదు. అది చాల గట్టిది. వజ్రపు పండ్ల రంపములు వ్యాపించిన పిమ్మట దానిని పలుచని పలకలుగా కోయుట సులభమయ్యెను. నల్లని ఒంటిపై బంగారు చుక్కలతో మెరయు ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. కొనునది యేదో తెలియనిచో ముక్కపై నిమ్మరసపు చుక్క వేసి కొంతసేపు ఉంచి తుడిచిన చాలును. సున్నపురాయి కాంతి తగ్గును, గ్రానైటు మారదు.

ఇపుడు స్ఫటికపు పొడిని జిగురుతో కలిపి చేసిన కృత్రిమ శిలయు వచ్చినది. చూడ ముచ్చటైనదే కాని, దానిని కోయునపుడు లేచు ధూళి పనివాని ఊపిరితిత్తులను చెరచును. అందుచేతనే 2024 జూలై 1 నుండి ఆస్ట్రేలియాలో దాని వాడుకను నిషేధించిరి. గ్రానైటు ధూళియు హానికరమే. నీటితో తడుపుచు కోయించుట యజమాని ధర్మము.

నా యభిప్రాయ మిది: పులుపు తగులు చోట, పొయ్యి చెంత గ్రానైటు మేలు, క్రింది అరలకు కడప రాయి చాలును. పాత గట్టు గట్టిగా నున్నచో క్రొత్త మోజుకై పగులగొట్టవలదు. దానిపై తరుగుబల్ల వేసికొని పులుపు తగులకుండ వాడుకొనవచ్చును. ఎట్లు చేసినను, ఆ రాయి యే సీమనుండి యే దారిని వచ్చెనో, దానిని చెక్కిన చేతులు ఎవరివో పిల్లలకు చెప్పుడు. తెలుగు బడి లేని ఊళ్లలో ఇంటిలోని వస్తువులే కొంత బడిపని చేయవలసియున్నది.