కాంపాక్ట్ విత్ ఆఫ్రికా

ఆఫ్రికా దేశాలకు ప్రైవేటు పెట్టుబడులు రప్పించేందుకు జర్మనీ అధ్యక్షతన జీ-20 కూటమి 2017లో మొదలుపెట్టిన భాగస్వామ్యం ఇది. మొరాకో, రువాండా, ఘనా, ఇథియోపియా వంటి దేశాలు చేరాయి. అవి సంస్కరణలు చేపడితే ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అండగా నిలుస్తాయి. డబ్బు పెట్టాల్సింది మాత్రం కంపెనీలే.

ఈ భాగస్వామ్యం ఫలితాలను తేల్చే స్వతంత్ర సమీక్షకు అసలు చిక్కు ఇక్కడే. 2018లో ఫోక్స్‌వ్యాగన్ రువాండా రాజధాని కిగాలీలో కార్ల బిగింపు కేంద్రం తెరిచింది. విడిభాగాలు బయటినుంచి వస్తే అక్కడ కారుగా బిగిస్తారు. అది ఈ భాగస్వామ్యం ఫలితమా, రువాండా సొంత కృషా? ఇందులో చేరని దేశాలతో పోల్చకుండా తేల్చలేం.

అప్పుల సంగతీ చూడాల్సిందే. ఘనా 2022 డిసెంబరులో విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేసింది. మరుసటి డిసెంబరులో ఇథియోపియా బాండ్ల వడ్డీ కట్టలేదు. రాజకీయ అస్థిరతనూ లెక్కలోకి తీసుకోవాలి: సభ్యదేశాలైన గినీలో 2021లో, బుర్కినా ఫాసోలో 2022లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది.