అసౌకర్యం అనే మాట ఖరీదు

నడుస్తున్న కారు రోడ్డు మధ్యలో ఆగిపోతే దాన్ని ఏమనాలి? తెలుగులో మనకి ‘మొరాయించింది’ అనే మాట ఉంది. ఎద్దుకీ గుర్రానికీ వాడిన మాటే మోటారు బండికీ వచ్చింది. ఆ మాటలో తప్పంతా బండి మీదే ఉంటుంది. నడిపేవాళ్ల ప్రసక్తి లేదు, తయారుచేసినవాళ్ల ప్రసక్తి అసలే లేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ ఇదే ప్రశ్నకి తన కాగితాల్లో రాసుకున్న జవాబు వేరు: ‘కస్టమర్ సౌకర్యానికి సంబంధించిన విషయం’. అంటే భద్రతకి సంబంధించింది కాదని అర్థం. ఆ వర్గీకరణని సరిదిద్దుకోడానికి వాళ్లకి దాదాపు పదేళ్లు పట్టింది. చివరికి నష్టపరిహార నిధి లెక్కతేల్చిన మరణాలు 124.

సాంకేతిక చరిత్రలో ఇదొక చిన్న స్విచ్ కథ. నాకు మాత్రం ఇది మాటల కథగానే కనిపిస్తుంది. అందుకే సాహిత్యం చదివేవాళ్లకి చెప్పాలనిపించింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. తొలినాళ్ల కార్లకి తాళం తిప్పితే కదలడమనేది తెలీదు. ముందుభాగంలో ఇనప హ్యాండిల్ దూర్చి, బలంగా తిప్పితే ఇంజిన్ అందుకునేది. ఒక్కోసారి ఇంజిన్ ఎదురు తన్నేది. హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి మణికట్టో, మోచెయ్యో విరిగేది. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు అంతకుముందు నగదు రిజిస్టర్ల కంపెనీలో పనిచేసేవాడు. మీట నొక్కగానే గల్లాపెట్టె తెరుచుకునేలా వాటికి విద్యుత్ మోటారు అమర్చినవాడు. కొద్దిసేపు ఎక్కువ శక్తినిచ్చి ఊరుకునే మోటారు కారుకీ సరిపోతుందని అతనికి తట్టింది. అతని డెల్కో సంస్థ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. కండబలం అక్కర్లేకుండా ఎవరైనా కారు నడపగలిగే రోజులు అక్కడ మొదలయ్యాయి. తర్వాత డెల్కో జనరల్ మోటార్స్‌లో కలిసిపోయింది.

ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది. హ్యాండిల్ రోజుల్లో ఇంజిన్ అందుకోకపోతే ఎందుకు అందుకోలేదో కళ్లకి కొంతైనా కనిపించేది. తీగల్లో పారే కరెంటు కనిపించదు. కారు విద్యుత్ మీద ఎంత ఆధారపడితే, అది ఆగిపోయినప్పుడు నడిపే మనిషి అంత నిస్సహాయంగా మిగిలిపోతాడు. పైగా విద్యుత్ లోపానికి ఇంకో గుణం ఉంది. అది వస్తుంది, పోతుంది. మెకానిక్ ముందుకు వెళ్లేసరికి ఏమీ లేనట్టు నటిస్తుంది.

1980లలో ఫోర్డ్ కార్లలో వచ్చిన ఒక ఇగ్నిషన్ మాడ్యూల్ దీనికి మంచి ఉదాహరణ. ఎప్పుడు నిప్పురవ్వ పుట్టాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ ముక్క అది. దాన్ని ఇంజిన్‌కి ఆనుకుని ఉండే డిస్ట్రిబ్యూటర్ మీదే బిగించారు. అక్కడ వేడి ఎక్కువ. వేడెక్కితే అది పనిచేయడం మానేసేది, ఇంజిన్ చప్పున ఆగిపోయేది. చల్లబడ్డాక మళ్లీ మామూలే. నేను అమెరికాలో చదువుకునే రోజుల్లో మా తెలుగు పిల్లల మధ్య సీనియర్ నుంచి జూనియర్‌కి చేతులు మారే పాత కార్లు ఉండేవి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం కానీ, అలాంటిదొకటి నా వాటాకీ వచ్చింది. తాళాలతో పాటు అన్న ఇచ్చిన సలహా: “ఎండలో ఆగిపోద్దిరా, కంగారుపడకు. పది నిమిషాలు బానెట్ ఎత్తి పెట్టు, అదే అందుకుంటది.” ఆగిపోవడం మాకు లోపంలా అనిపించలేదు. బండి స్వభావంలో భాగమనుకున్నాం. జబ్బు అలవాటైపోతే ఇక దాన్ని జబ్బని ఎవరూ అనరు కదా.

ఫోర్డ్ యజమానులు మాత్రం కోర్టుకెళ్లారు. ఇంజిన్ ఎన్నో కారణాలవల్ల ఆగుతుందనీ, తమ కార్లు సురక్షితమైనవేననీ కంపెనీ వాదించింది. 2000లో కాలిఫోర్నియా జడ్జి మైఖేల్ బలాషే ఆ వాదన ఒప్పుకోలేదు. లోపం సంగతి తెలిసీ కంపెనీ దాచిపెట్టిందన్నాడు. ఆ రాష్ట్రంలోని పది లక్షలకు పైగా కార్లని వెనక్కి పిలిపించమని ఆదేశించాడు. ఒక అమెరికన్ జడ్జి కార్ల రీకాల్‌కి ఆదేశించడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది రాజీ కుదిరింది, కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. అయినా ఒక ప్రశ్న బహిరంగంగా నిలబడింది: కదులుతున్న కారు ఆగిపోవడం అసౌకర్యమా, ప్రమాదమా?

సరిగ్గా ఆ సమయంలోనే జనరల్ మోటార్స్ తన కొత్త చిన్న కార్ల కోసం ఒక ఇగ్నిషన్ స్విచ్ తయారుచేయిస్తోంది. చేసింది డెల్ఫీ సంస్థ. 1999 దాకా అది జనరల్ మోటార్స్‌లోనే భాగం, కెటరింగ్ డెల్కో వారసత్వంలో కొంత దానికీ దక్కింది. స్విచ్ పని సులువైనదే. తాళం తిప్పినప్పుడు లోపల స్ప్రింగు వెనకనున్న చిన్న పుల్లలాంటి భాగం గాడిలో కూర్చుని తాళాన్ని ‘రన్’ స్థానంలో పట్టి ఉంచాలి. ఈ స్విచ్‌లో ఆ పట్టు చాలలేదు. కంపెనీ తానే నిర్దేశించిన బలం కంటే అది చాలా తక్కువని పరీక్షల్లో తెలుస్తూనే ఉంది. అయినా 2002లో బాధ్యుడైన ఇంజనీరు దానికి ఆమోదం తెలిపాడు.

ఫలితం ఏమిటంటే, కీచైన్ కాస్త బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, రోడ్డు మీద గట్టి కుదుపు వచ్చినా తాళం జారి ‘యాక్సెసరీ’ స్థానంలోకి వచ్చేస్తుంది. ఇంజిన్ ఆగిపోతుంది. స్టీరింగుకీ బ్రేకులకీ అందే సాయం పోయి అవి బరువెక్కుతాయి. వాటితోపాటు ఇంకొకటి కూడా ఆగిపోతుంది: ఎయిర్‌బ్యాగులకి ఆజ్ఞ ఇచ్చే పరికరం. సరిగ్గా ప్రమాదం జరగబోయే క్షణంలో, ప్రమాదం నుంచి కాపాడవలసింది నిద్రపోతుంది.

షెవర్లే కోబాల్ట్ 2004లో మార్కెట్లోకి వచ్చింది. మోకాలు తగిలితే ఇంజిన్ ఆగుతోందన్న సంగతి కంపెనీకి అప్పటికే తెలుసు. విచారణ ఫైలు తెరిచారు, 2005లో మూసేశారు. పరిష్కారాలకి తగిన ‘వ్యాపార సమర్థన’ లేదన్నది కారణం. మంచి భాగం వేస్తే ఒక్కో కారుకి అదనంగా 57 సెంట్లు పడుతుందని లెక్కగట్టిన ఆ ఏటి కాగితం తర్వాత కాంగ్రెస్ విచారణలో బయటపడింది. పత్రికల్లో కార్ల సమీక్షకులు ఈ ఆగిపోవడం గురించి రాస్తే, ఇంజిన్ ఆగినా స్టీరింగ్, బ్రేకులు పనిచేస్తాయి కాబట్టి కారు అదుపులోనే ఉంటుందని కంపెనీ బదులిచ్చింది. డీలర్లకి మాత్రం ఒక బులెటిన్ వెళ్లింది: కస్టమర్లని కీచైన్‌కున్న బరువులు తీసేయమనండి.

2014లో న్యాయవాది ఆంటన్ వలూకస్ కంపెనీ కోసం రాసిన మూడు వందల పేజీల పైచిలుకు నివేదికలో నన్ను ఆపేసిన చోటు ఇదే. ఆ బులెటిన్‌లో ‘స్టాల్’, అంటే ఇంజిన్ ఆగిపోవడం, అనే మాట లేదు. అది భద్రతా శాఖ చెవిన పడకూడని ‘వేడి’ మాట అని కావాలనే వాడలేదు. దాంతో ఏమైంది? ఇంజిన్ ఆగిపోతోందని ఎవరైనా డీలర్ దగ్గరికి వస్తే, అక్కడివాళ్లు ఆ మాటతో వెతికినా బులెటిన్ దొరకదు. జబ్బు పేరు రాయకుండా మందు చీటీ రాసినట్టన్నమాట.

2008లో కంపెనీ ఉద్యోగులకిచ్చిన ఒక శిక్షణ పాఠం కూడా తర్వాత బయటికొచ్చింది. అందులో రాయకూడని మాటల జాబితా ఉంది. ‘లోపం’ అనొద్దు, ‘డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు’ అనాలి. ‘సమస్య’ అనొద్దు, ‘విషయం’ అనాలి. మాటలు అలా మెత్తబడితే ఆలోచనా మెత్తబడుతుంది. ‘సౌకర్యం’ అని రాసిన ఫైలుని సౌకర్యం విభాగం చూస్తుంది, దానికి తొందర ఉండదు. ఇంకో విభాగంలో, ఎయిర్‌బ్యాగులు ఎందుకు తెరుచుకోలేదో తెలియక తల పట్టుకున్నవాళ్లకి ఆ ఫైలు కనిపించదు. 2007లో విస్కాన్సిన్ రాష్ట్ర పోలీసు అధికారి ఒకరు ఒక ప్రమాదాన్ని పరిశీలించి, తాళం స్థానానికీ ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడానికీ ముడిపెట్టాడు. పాత బులెటిన్‌నీ ప్రస్తావించాడు. ఆయన నివేదిక కంపెనీ ఫైళ్లలోనే ఉంది. అది చెప్పిన సంగతి మాత్రం ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు.

నివేదికలో ‘జీఎం నాడ్’ అనే మాట వస్తుంది. మీటింగులో అందరూ ఔనని తలాడిస్తారు, గది దాటాక ఎవరూ ఏమీ చేయరు. మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి దీన్ని అనువదించి చెప్పనక్కర్లేదు.

2006లో ఇంజనీరు స్విచ్‌ని చడీచప్పుడు లేకుండా మార్పించాడు. లోపలి పుల్ల పొడవైంది, పట్టు పెరిగింది. కానీ భాగం నంబరు మార్చలేదు. పాతదీ కొత్తదీ కాగితం మీద ఒకటే. కొత్త కార్లు ఎందుకు బాగున్నాయో, పాతవి ఎందుకు ఆగుతున్నాయో కంపెనీలోని పరిశోధకులకే అంతుపట్టలేదు. ఆ ముడి బయటివాళ్లే విప్పాల్సివచ్చింది. జార్జియాలో కోబాల్ట్ నడుపుతూ 2010లో చనిపోయిన ఒక నర్సు తల్లిదండ్రులు కేసు వేశారు. వాళ్ల తరఫు నిపుణుడు కొత్త స్విచ్ ఒకటి కొని, ఆ కారులోని దానితో పక్కపక్కన పెట్టి చూశాడు. నంబరు ఒకటే, లోపల వేరు.

2014 ఫిబ్రవరిలో రీకాల్ మొదలైంది. పెరుగుతూ పెరుగుతూ సుమారు 26 లక్షల కార్లకి చేరింది. అంతకు నెల ముందే పగ్గాలు చేపట్టిన మేరీ బారా కాంగ్రెస్ ముందు జవాబు చెప్పుకోవాల్సివచ్చింది. 15 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. 2015లో కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టి క్రిమినల్ విచారణ నుంచి బయటపడింది. కెన్నెత్ ఫైన్‌బర్గ్ నడిపిన నిధి 124 మరణాలకీ, 275 మంది గాయాలకీ పరిహారం ఇచ్చింది.

ఈ అంకెల్లో లేని ఒక నష్టం ఉంది, నన్ను ఎక్కువగా వెంటాడేది అదే. 2004లో టెక్సస్‌లో ఒక యువతి ఇదే స్విచ్ ఉన్న శాటర్న్ అయాన్ కారు నడుపుతోంది. పక్కన ఆమె ప్రేమించిన మనిషి. కారు రోడ్డు దాటి చెట్టుకి గుద్దుకుంది, అతను చనిపోయాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తులు లేవు, ఆమె రక్తంలో కొద్దిగా ఆందోళన తగ్గించే మందు జాడ ఉంది. కారణం అదేనన్నారు. నేరపూరిత నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యానని ఆమె 2007లో కోర్టులో ఒప్పుకుంది. అదే ఏడాది కంపెనీ లోపలి సమీక్ష ఆ ప్రమాదానికి కారులో కరెంటు పోవడం కారణమై ఉండొచ్చని తేల్చింది. ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. 2014 నవంబరులో ఒక జడ్జి ఆ శిక్షని కొట్టేశాడు. అప్పటికి పదేళ్లు. పదేళ్లపాటు ఆమె తానే అతన్ని చంపానని నమ్మింది.

ఆగిపోయిన కారులో ఉన్న మనిషి చేతిలో రుజువు ఏమీ ఉండదు. తాళం ఏ క్షణంలో జారిందో చూసినవాళ్లు లేరు. ఆ తర్వాత జరిగేదంతా ఎవరు ఏ మాట రాశారన్న దాని మీదే ఆధారపడుతుంది. పోలీసు ‘నిర్లక్ష్యం’ అని రాస్తే ఆమె దోషి. ఇంజనీరు ‘సౌకర్యం’ అని రాస్తే ఇంకో పదేళ్లు అదే స్విచ్ రోడ్ల మీద తిరుగుతుంది. ‘లోపం’ అనే మాటని సమయానికి ఒక్కరు రాసి, దాన్ని ఎవరూ కొట్టేయకుండా ఉంటే చాలు. చరిత్రలో ఇంజిన్లని బాగుచేసినవాళ్ల పేర్లు మనకి తెలుసు, కెటరింగ్‌కి పాఠ్యపుస్తకాల్లో చోటుంది. ఆ ఒక్క మాట రాసి ఉండవలసిన గుమాస్తా పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.