ఏబదియైదవ యేట డాక్టరు పట్టము

జీతము చేతికి వచ్చిన పిదప చదువుతో పనిలేదని మనలో పెక్కురు తలంతురు. ఈ తలంపునకు ఎల్లా ఫ్లాగ్ యంగ్ జీవితమే తగిన యుత్తరము.

ఆమె 1845లో అమెరికాలో జన్మించి, 1862లో షికాగో నగరమున ఉపాధ్యాయిని యయ్యెను. 1887లో ఆ నగర పాఠశాలల సహాయ పర్యవేక్షకురాలిగా నియమింపబడెను. ఏబదియేండ్ల ప్రాయమున, ఆ యుద్యోగము నిర్వహించుచునే, షికాగో విశ్వవిద్యాలయమున జాన్ డ్యూయీ తరగతులకు విద్యార్థినియై పోజొచ్చెను. 1899లో ఉద్యోగమును వీడి, 1900లో డాక్టరు పట్టము నందెను.

ఆమె పరిశోధనకు వస్తువు తాను దినదినము చూచిన పాఠశాలయే. ఆజ్ఞాపించువారు కొందరు, శిరసావహించువారు తక్కినవారు అను విభజనచే బడి యంత్రప్రాయమగుచున్నదనియు, బోధించువారికి పాలనయందు భాగముండవలెననియు ఆమె వాదించెను. ఆమె యనుభవమునుండి తాను నేర్చినది చాల గలదని డ్యూయీయే యంగీకరించెను.

1909లో ఆమె షికాగో పాఠశాలలన్నిటికి ప్రధాన పర్యవేక్షకురాలయ్యెను. అమెరికా మహానగరమొకదానిలో ఆ పదవి నలంకరించిన ప్రథమ మహిళ ఆమెయే. అపుడు ఉపాధ్యాయసంఘముల యాలోచనకు పాలనలో చోటొసగి, తన సిద్ధాంతమును ఆచరణలో పెట్టెను. 1918లో కీర్తిశేషురాలయ్యెను.

వృత్తియందున్నవారికి తగిన విద్యా డాక్టరు పట్టమును హార్వర్డు విశ్వవిద్యాలయము 1920లో నెలకొల్పెను. నేడు పెక్కు దేశములలో ఉద్యోగము చేయుచునే అట్టి పట్టమునకై చదువువారు గలరు. చదువరులారా! పట్టము నందిన యధికారిని మనమడుగవలసిన దొక్కటియే: మీ చదువువలన మీ బడిలోని యుపాధ్యాయుని మాటకు విలువ పెరిగినదా?