పొగకు ధర కట్టిన కథ

1968లో కెనడా ఆర్థికవేత్త జాన్ డేల్స్ ఒక చిన్న పుస్తకంలో విచిత్రమైన సలహా ఇచ్చాడు. మొత్తం కాలుష్యం ఇంతకు మించకూడదని ప్రభుత్వం గీత గీయాలి. ఆ గీత లోపల కాలుష్యం వదిలే హక్కులను పర్మిట్లుగా అమ్మాలి. ఆ తర్వాత వాటిని ఎవరు ఎవరి దగ్గర కొనుక్కుంటారో వాళ్లిష్టం. పాపం చేసే హక్కును అంగట్లో పెట్టడమేమిటని పర్యావరణవాదుల్లో చాలామంది ముఖం చిట్లించారు.

ఆ సలహాకు పని కల్పించినవి ఆమ్ల వర్షాలు. అమెరికాలో ఒహాయో, ఇండియానాల్లోని బొగ్గు విద్యుత్ కేంద్రాలు వదిలిన సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కడో న్యూయార్క్ కొండల్లో, కెనడాలో వానగా కురిసి చెరువుల్లో చేపలు లేకుండా చేసింది. 1990 నవంబరులో రిపబ్లికన్ అధ్యక్షుడు సీనియర్ బుష్ సంతకంతో ఈ పద్ధతినే అమలు చేసే చట్టం వచ్చింది. టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కు ఒక పర్మిట్. చవగ్గా తగ్గించుకోగలిగిన కంపెనీ మిగులు పర్మిట్లు అమ్ముకోవచ్చు. 1992లోనే విస్కాన్సిన్ విద్యుత్ కంపెనీ ఒకటి టెనెస్సీ వ్యాలీ అథారిటీ అనే మరో విద్యుత్ సంస్థకు పదివేల పర్మిట్లు అమ్మింది. ఖర్చు తట్టుకోలేమని కంపెనీలు గగ్గోలు పెట్టాయి గానీ, అయిన ఖర్చు ఆ అంచనాల దరిదాపుల్లో కూడా లేదు. రైలు ఛార్జీలు తగ్గి, గంధకం (సల్ఫర్) తక్కువగా ఉండే వ్యోమింగ్ బొగ్గు చవగ్గా దొరకడమూ కలిసొచ్చిందనుకోండి.

అయితే వాతావరణాన్ని వేడెక్కించే కార్బన్ దగ్గర లెక్క మారింది. గంధకం బొగ్గులోని మలినం. కార్బన్ అంటే బొగ్గే. మలినం తీసేయమంటే సర్దుకున్న పరిశ్రమ, సరుకునే తగ్గించమంటే ఊరుకోలేదు.

2009 జూన్‌లో కార్బన్‌కూ ఇలాంటి పరిమితి పెట్టే వాక్స్‌మన్-మార్కీ బిల్లు ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కింది. పరిశ్రమలను మంచి చేసుకోవడానికి తొలి ఏళ్లలో పర్మిట్లలో సుమారు 85 శాతం ఉచితంగా పంచేలా రాశారు. అయినా 44 మంది డెమొక్రాట్లు వ్యతిరేకంగా ఓటేశారు. ఓటుకు ముందు వర్జీనియా సభ్యుడొకరికి నల్లజాతి, లాటినో సంఘాల పేరిట బిల్లును వద్దంటూ ఉత్తరాలు అందాయి. అవి దొంగ ఉత్తరాలని, బొగ్గు పరిశ్రమ కోసం పనిచేస్తున్న లాబీ సంస్థ నుంచి వచ్చాయని తర్వాత బయటపడింది. బుష్ కాలంలో రిపబ్లికన్లు మెచ్చిన ఈ ‘క్యాప్ అండ్ ట్రేడ్’ (పరిమితి పెట్టి పర్మిట్లు అమ్ముకోనివ్వడం) పద్ధతే ఇప్పుడు వాళ్ల నోట ‘క్యాప్ అండ్ ట్యాక్స్’ అయింది.

సెనేట్‌లో ఓటింగే జరగలేదు. 2010 జూలైలో డెమొక్రాటిక్ నేత హారీ రీడ్ చేతులెత్తేశాడు. ఆ అక్టోబరులో బొగ్గు రాష్ట్రం వెస్ట్ వర్జీనియా గవర్నర్ జో మాంచిన్ ఎన్నికల ప్రకటనలో బిల్లు ప్రతిని తుపాకీతో కాల్చి, సెనేట్‌కు గెలిచాడు. తర్వాత 2022లో వచ్చిన వాతావరణ చట్టానికి ఆయన ఓటే కీలకమైంది. అందులో పరిమితి ఊసే లేదు, ఎక్కువగా పన్ను రాయితీలే.

మొదట్లో అమెరికా చెప్పిన ఈ పద్ధతిని అనుమానంగా చూసిన యూరప్, 2005 నుంచి కార్బన్‌కు దాన్నే నడుపుతోంది. మన సూరత్‌లోనూ 2019లో మిల్లుల పొగలోని ధూళికి ఇలాంటి మార్కెట్ మొదలైంది. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు సొంతంగా నడుపుకుంటున్నాయి. దేశమంతటికీ వర్తించే కార్బన్ పరిమితి మాత్రం అక్కడ లేదు.