ఫ్యాషన్ మోడలింగ్‌లో వర్ణవివక్ష

ఒంటి రంగును, జుట్టును, ముఖ కవళికలను బట్టి కొందరికి ర్యాంపు మీద, పత్రికల ముఖచిత్రాల మీద, వాణిజ్య ప్రకటనల్లో చోటు లేకుండా చేయడాన్ని మోడలింగ్‌లో వర్ణవివక్ష అంటారు. ఫ్యాషన్ వ్యాపారానికి న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ముఖ్య కేంద్రాలు. ఈ చరిత్రలో అధికభాగం అక్కడే నడిచింది. నల్లవాళ్లను తీసుకోవద్దని రాసిపెట్టిన చట్టమేదీ ఈ రంగంలో లేదు. ఏజెన్సీని అడిగితే క్లయింటు ఒప్పుకోడంటుంది. క్లయింటు డిజైనర్ మీదికి తోస్తాడు, డిజైనర్ పత్రికల పేరు చెబుతాడు, పత్రికలు చందాదారులనూ ప్రకటనదారులనూ చూపిస్తాయి. వద్దన్నది ఎవరో తేలదు, పని మాత్రం దొరకదు. అందుకే ఈ రంగంలో పోరాడినవాళ్ల శ్రమలో సగం, వద్దన్నవాళ్లెవరో పేరు పెట్టి చెప్పడానికే సరిపోయింది.

తొలి ఏజెన్సీలు

1946లో న్యూయార్క్‌లో బ్రాండ్‌ఫర్డ్ మోడల్స్, గ్రేస్ డెల్ మార్కో అనే ఏజెన్సీలు నల్లజాతి మోడళ్ల కోసం మొదలయ్యాయి. రెండోదాని స్థాపకుల్లో ఒకరు ఒఫీలియా డివోర్. నల్లజాతివాళ్లను చేర్చుకోని మోడలింగ్ పాఠశాలలో ఆమె శిక్షణ పొందింది. ఆమెది పసిమి ఛాయ కావడంతో అక్కడివాళ్లు పోల్చుకోలేకపోయారు. ఈ ఏజెన్సీలకు పని ఎక్కువగా నల్లజాతి పాఠకుల పత్రికల నుంచి, ఆ కొనుగోలుదార్ల కోసం తయారయ్యే ప్రకటనల నుంచి వచ్చేది. పెద్ద ఫ్యాషన్ పత్రికల తలుపులు తెరుచుకోలేదు. సొంత దేశంలో దొరకని అవకాశం కొందరికి పారిస్‌లో దొరికింది. 1949లో అక్కడికి వెళ్లిన డోరొతియా టౌల్స్ దియోర్, స్కియాపరెల్లి సంస్థల దుస్తులు ప్రదర్శించింది.

షాంఘైలో పుట్టిన చీనా మచాదోది పోర్చుగీసు, చైనా రక్తం. పారిస్‌లో జివాంషీ, బాలెన్సియాగా దగ్గర పనిచేసి న్యూయార్క్ వచ్చింది. ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ ఆమెను ఫొటోలు తీస్తే, అవి వేస్తే దక్షిణాది రాష్ట్రాల్లో చందాలు పోతాయని 'హార్పర్స్ బజార్' యాజమాన్యం అడ్డుపడింది. వేయకపోతే తన ఒప్పందం కొనసాగించనని అవెడాన్ పట్టుబట్టాడు. 1959 ఫిబ్రవరి సంచికలో ఫొటోలు వచ్చాయి. అమెరికా పెద్ద ఫ్యాషన్ పత్రికల్లో శ్వేతేతర మోడల్ కనిపించడం అదే మొదలు. తెర వెనుక ఇంత గొడవ జరిగిందని మచాదోకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ముఖచిత్రం దాకా

డెట్రాయిట్ అమ్మాయి డోన్యేల్ లూనా 1965 జనవరిలో 'హార్పర్స్ బజార్' ముఖచిత్రం అయింది. అయితే అది ఫొటో కాదు, గీసిన బొమ్మ. మరుసటి ఏడాది మార్చిలో బ్రిటిష్ 'వోగ్' ఆమె ఫొటోనే వేసింది. 'వోగ్' పేరున్న ఏ పత్రికకైనా నల్లజాతి మహిళ ముఖచిత్రం కావడం అదే తొలిసారి. డేవిడ్ బెయిలీ తీసిన ఆ ఫొటోలో లూనా రెండు వేళ్లను కంటికి అటూ ఇటూ పెట్టుకుని చూస్తుంది. ముఖంలో చాలా భాగం చేతి చాటునే ఉండిపోయింది. కళ కోసమే అలా తీశారని అనుకోవచ్చు. కొనేవాడు జడుసుకోకుండా చేసిన ఏర్పాటని అనుమానించినవాళ్లనూ తప్పుపట్టలేం.

నయోమీ సిమ్స్ కథ ఇంకా విలువైనది, నింద ఒకరి మీదికొకరు తోసేసుకునే ఆ వరుసను ఆమె తెలివిగా తెంచింది కనుక. మిసిసిపీలో పుట్టి, పిట్స్‌బర్గ్‌లో పెరిగి, చదువు కోసం న్యూయార్క్ వచ్చిన సిమ్స్‌ను ఏజెన్సీలు మరీ నల్లగా ఉన్నావంటూ తిప్పిపంపాయి. ఆమె ఏజెన్సీలను పక్కనపెట్టి నేరుగా ఫొటోగ్రాఫర్ యోస్టా పీటర్సన్ దగ్గరికి వెళ్లింది. 1967 ఆగస్టులో 'న్యూయార్క్ టైమ్స్' ఫ్యాషన్ అనుబంధం ముఖచిత్రం ఆమెదే. అంత జరిగినా ఏజెన్సీలు చేర్చుకోలేదు. అప్పుడే సొంత ఏజెన్సీ పెడుతున్న మాజీ మోడల్ విల్‌హెల్మినా కూపర్‌తో సిమ్స్ ఒక బేరం కుదుర్చుకుంది: ఆ అనుబంధం ప్రతులకు కూపర్ ఫోన్ నంబరు జతచేసి ప్రకటన కంపెనీలకు తానే పంపుతుంది, ఎవరైనా పిలిస్తే కూపర్ కమీషన్ తీసుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి ఆమె వారానికి వెయ్యి డాలర్లు సంపాదిస్తోంది. క్లయింట్లు ఒప్పుకోరన్న మాటకు విలువెంతో దాంతో తెలిసిపోయింది, అంతకుముందు వాళ్లను అడిగిచూసినవాళ్లే లేరు! 1968 నవంబరులో 'లేడీస్ హోమ్ జర్నల్', 1969 అక్టోబరులో 'లైఫ్' ఆమెను ముఖచిత్రంగా వేశాయి.

1973 నవంబరు 28న వెర్సాయ్ రాజప్రాసాదంలో, ఆ భవనం మరమ్మతుల నిధుల కోసం జరిగిన ప్రదర్శన మరో మలుపు. ఫ్రాన్స్ నుంచి సాఁ లోరాఁ, జివాంషీ, కార్దాఁ, ఉంగారో, దియోర్ సంస్థ డిజైనర్ మార్క్ బోఆఁ వచ్చారు. అమెరికా నుంచి హాల్‌స్టన్, బిల్ బ్లాస్, ఆన్ క్లైన్, ఆస్కార్ డి లా రెంటా, నల్లజాతి డిజైనర్ స్టీఫెన్ బరోస్ వచ్చారు. ఫ్రెంచివాళ్లు ఆర్భాటంగా సెట్టింగులు వేసి రెండు గంటలకు పైగా సాగదీశారు. అమెరికావాళ్ల తెర కొలతల్లో అడుగులకూ మీటర్లకూ లెక్క తప్పి, అది పనికిరాకుండా పోయింది. దాదాపు ఖాళీ వేదిక మీద సంగీతానికి తగ్గట్టు నడిచిన వాళ్ల మోడళ్లలో సుమారు పది మంది నల్లజాతివాళ్లు. పాట్ క్లీవ్‌లాండ్, బిల్లీ బ్లెయిర్, బెథాన్ హార్డిసన్ వంటి వాళ్ల నడక చూసి ఫ్రెంచి ప్రేక్షకులు కేకలతో హోరెత్తించారు. 1974 ఆగస్టులో బెవర్లీ జాన్సన్ అమెరికన్ 'వోగ్' ముఖచిత్రంగా వచ్చిన తొలి నల్లజాతి మహిళ అయింది.

అమ్ముడుపోయే కథలు

చోటు దొరికినా అది షరతుల మీదే దొరికేది. 1975లో నైరోబీలో ఫొటోగ్రాఫర్ పీటర్ బియర్డ్‌కు కనబడిన ఇమాన్, సోమాలియా దౌత్యవేత్త కూతురు, విశ్వవిద్యాలయ విద్యార్థిని, అయిదు భాషలు తెలిసిన మనిషి. అడవిలో పశువులు కాసుకునే పిల్లను వెతికి తెచ్చానని బియర్డ్ అమెరికా పత్రికలకు కథ అల్లాడు. పత్రికలు నమ్మేశాయి. ఒక్కరిని తీసుకుంటే చాలు, వాటా తీరిపోయినట్టే అన్న పద్ధతి కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది. నల్లజాతి మోడళ్లకు పోటీ అందరితోనూ ఉండేది కాదు, ఆ ఒక్క చోటు కోసం వాళ్లలో వాళ్లకే ఉండేది.

1988 ఆగస్టులో నయోమీ క్యాంప్‌బెల్ ఫ్రెంచ్ 'వోగ్' ముఖచిత్రం అయింది. మొదట ఆ పత్రిక కుదరదన్నదనీ, ప్రకటనలు ఆపేస్తానని సాఁ లోరాఁ బెదిరించాకే దిగివచ్చిందనీ ఆమె తర్వాత చెప్పింది. ప్రకటనదారులు ఒప్పుకోరన్న పాత సాకు అక్కడ తిరగబడింది. అదే ఏడాది హార్డిసన్, ఇమాన్ కలిసి బ్లాక్ గర్ల్స్ కొయలిషన్ స్థాపించారు.

వెనకడుగు, లెక్కలు

1990ల చివర పరిస్థితి మెరుగుపడలేదు సరికదా, దిగజారింది. సోవియట్ యూనియన్ కూలాక తూర్పు యూరప్ నుంచి సన్నటి, తెల్లటి అమ్మాయిలు పెద్ద సంఖ్యలో వచ్చారు. మోడళ్లను డిజైనరే చూసి ఎంచుకునే రోజులు పోయి క్యాస్టింగ్ డైరెక్టర్ల చేతికి పగ్గాలు వచ్చాయి. ర్యాంపు మీద అందరూ ఒకే మూసలో పోసినట్టు ఉండాలన్న అభిరుచి బలపడింది. 1997లో క్యాంప్‌బెల్ నడిచాక ప్రాడా ర్యాంపు మీద మరో నల్లజాతి మోడల్ కనిపించడానికి 2008 దాకా, జోర్డన్ డన్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

2007లో హార్డిసన్ న్యూయార్క్‌లో ఈ విషయం మీద బహిరంగ చర్చలు పెట్టింది. మరుసటి ఏడాది జులైలో ఇటాలియన్ 'వోగ్' సంపాదకురాలు ఫ్రాంకా సొజ్జాని, స్టీవెన్ మైసెల్ ఫొటోలతో, నల్లజాతి మోడళ్లతోనే సంచిక తెచ్చింది. అది చూస్తుండగానే అమ్ముడైపోయి అదనంగా 40 వేల ప్రతులు అచ్చువేయాల్సి వచ్చింది. నల్లవాళ్ల బొమ్మ వేస్తే అమ్ముడుపోదన్న వాదం అక్కడితో ఆగాలి. ఆగలేదు. ఆ సంచికలోని ప్రకటనల్లోనే తెల్ల ముఖాలు రాజ్యమేలాయి.

2013 ఫిబ్రవరి న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో ప్రదర్శించిన దుస్తుల్లో 82.7 శాతం తెల్లజాతి మోడళ్ల మీదే కనిపించాయని, నల్లజాతి మోడళ్ల వాటా 6 శాతమేనని అప్పట్లో లెక్క తేల్చారు. ఆ సెప్టెంబరులో హార్డిసన్, ఇమాన్, క్యాంప్‌బెల్ నాలుగు నగరాల ఫ్యాషన్ మండళ్లకూ బహిరంగ లేఖలు రాసి, నల్లజాతివాళ్లను అసలే తీసుకోని, లేదా ఒక్కరితో సరిపెట్టిన డిజైనర్ల పేర్లు బయటపెట్టారు. ఉద్దేశం ఏదైనా, జరుగుతున్నది వర్ణవివక్షేనని తేల్చేశారు. నా అంచనాలో ఈ చరిత్రలో అన్నిటికన్నా పదునైన పని అదే. అప్పటిదాకా 'పరిశ్రమ' అనే నీడ మీద విమర్శలు, ఆ తర్వాత మనుషుల మీద. 2015 వసంతకాలం కోసం జరిగిన ప్రదర్శనల్లో శ్వేతేతర మోడళ్లు 17 శాతం. 2020 వసంతకాలం నాటికి ఆ వాటా 41 శాతం దాటింది.

మేకప్ కుర్చీ, ఫిల్ము డబ్బా

ఎంపికయ్యాక మోడల్ కూర్చోవలసింది మేకప్ కుర్చీలో. అక్కడి పెట్టెలో తన రంగుకు సరిపోయే ఫౌండేషన్ ఉండదు. ఉన్నవాటిలో రెండు మూడు కలిపి పూస్తే ముఖం బూడిద రంగులోకి తిరుగుతుంది. గిరజాల జుట్టు దువ్వడం రానివాళ్లు దాన్ని కాల్చి, సాగదీసి పాడుచేస్తారు. దక్షిణ సూడాన్‌కు చెందిన నైకోర్ పాల్ 2015లో, తన సామగ్రి తానే ఎందుకు మోసుకురావాలని బహిరంగంగా నిలదీసింది. అది కొత్త ఫిర్యాదేం కాదు. 1958లో మొదలై ఊరూరా తిరిగిన ఎబొనీ ఫ్యాషన్ ఫెయిర్ ప్రదర్శనల్లో మోడళ్లు రంగులు కలుపుకోవడం చూసే వాటి నిర్వాహకురాలు యూనిస్ జాన్సన్ 1973లో ఫ్యాషన్ ఫెయిర్ కాస్మెటిక్స్ ప్రారంభించింది. పెద్ద కంపెనీలకు ఆ సంగతి తలకెక్కింది, గాయని రిహానా 2017లో ఫెంటీ బ్యూటీ పేరుతో 40 ఛాయల ఫౌండేషన్ అమ్మి చూపాకే.

కెమెరాకూ ఈ పక్షపాతం అంటింది. స్టూడియోల్లో రంగులు సరిచూసుకోడానికి కొడాక్ పంపే 'షర్లీ' కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. ఆమె చర్మం బాగా వస్తే ఫిల్ము బాగున్నట్టు. నల్లటి ముఖాలు చీకట్లో కలిసిపోయేవి. ఫిల్ము మారడానికి గట్టి కారణం మాత్రం వేరే: గోధుమ రంగు ఛాయల్లో తేడా తెలియడం లేదని చాక్లెట్, చెక్క సామాన్ల కంపెనీలు ఫిర్యాదు చేశాయి.

భారతదేశం, తెలుగువాళ్లు

గోవాకు చెందిన అంజలీ మెండిస్ 1971 నుంచి పారిస్‌లో పియేర్ కార్దాఁ దగ్గర పనిచేసి పేరు తెచ్చుకుంది. ఇటీవలి కాలంలో బెంగళూరు అమ్మాయి లక్ష్మీ మేనన్ పెద్ద సంస్థలకు మోడల్ అయింది. పారిస్ మెచ్చిన ఈ చామనఛాయ మన దేశంలో చలామణీ కావడం కష్టం. ఇక్కడి చీరల, నగల ప్రకటనలకు తూర్పు యూరప్ నుంచి మోడళ్లను దింపుకోవడం మామూలే. 'నలుపు నారాయణుడు మెచ్చు' అన్న సామెత పెళ్లిచూపుల గుమ్మం దాటి లోపలికి రాదు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్‌నెస్ క్రీము ఫెయిర్ అండ్ లవ్లీ వ్యాపారమంతా ఆ గుమ్మం దగ్గరే నడిచింది. అది 2020లో పేరు మార్చుకుంది. నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నిబంధన పెట్టింది. అయినా 2019లో ఫెమినా మిస్ ఇండియా తుది పోటీదారుల ఫొటోలు పక్కపక్కన అచ్చయితే, అందరిదీ ఒకే రంగని జనం ఎత్తిపొడిచారు.

అందాల పోటీకీ మోడలింగ్‌కూ తేడా ఉన్నా, నీనా దావులూరి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆమె తల్లిదండ్రులు విజయవాడ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు. 2013 సెప్టెంబరులో ఆమె మిస్ అమెరికాగా గెలిచిన రాత్రే సామాజిక మాధ్యమాల్లో అరబ్బు అని, తీవ్రవాది అని తిట్లు మొదలయ్యాయి. ఆ రంగుతో ఆమె మిస్ ఇండియా మాత్రం కాలేకపోయేదన్న మాట అదే వారంలో మన దేశంలోనూ వినిపించింది. ఆమె తర్వాత రంగు పక్షపాతం మీద డాక్యుమెంటరీ తీసింది.

చట్టం, డిజిటల్ బొమ్మలు

అమెరికాలో ఉద్యోగుల మీద వివక్షను నిషేధించే 1964 నాటి చట్టం స్వతంత్ర కాంట్రాక్టర్లకు వర్తించదు. ఏజెన్సీలు మోడళ్లను అలాగే లెక్కగడతాయి. అందువల్ల రంగు కారణంగా తిప్పిపంపినా కోర్టుకెక్కడం కష్టమయ్యేది. 2012లో ఏర్పడిన మోడల్ అలయన్స్ పట్టు విడవకుండా కోరడంతో న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాషన్ వర్కర్స్ యాక్ట్ తెచ్చింది. 2024 డిసెంబరులో గవర్నర్ సంతకం చేయగా 2025 జూన్‌లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఏజెన్సీలు రాష్ట్రం దగ్గర నమోదు కావాలి, కమీషన్ 20 శాతం మించరాదు, మోడల్ రూపాన్ని డిజిటల్‌గా తయారుచేసి వాడాలంటే విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

ఈ చివరి షరతుకు కారణం ఉంది. 2017లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ కామెరాన్ జేమ్స్ విల్సన్ అనే తెల్లజాతీయుడు షుడు అనే నల్లటి మోడల్‌ను కంప్యూటర్‌లో సృష్టించాడు. 2023లో లీవైస్ సంస్థ వైవిధ్యం పెంచడానికంటూ కృత్రిమ మేధతో చేసిన మోడళ్లను పరీక్షిస్తామని ప్రకటించి, నిజమైన మనుషులకు డబ్బివ్వకుండా వాళ్ల రంగును మాత్రం వాడుకుంటారా అన్న విమర్శ ఎదుర్కొంది. ఏ మనిషికీ నకలు కాకుండా పూర్తిగా ఊహించి గీసిన బొమ్మల విషయంలో, అనుమతి అడగడానికి అవతల మోడలే ఉండదు.